దోర్నపాల్ పార్లమెంటుకు గౌను పట్టుకెళ్ళాను

నేను బడిలోకి గేటులోంచి వెళ్ళింది ఒక్కసారే, మా నాన్న చెవి పట్టుకుని చేర్పించిన రోజు. బయటికి మాత్రం ఎప్పుడూ గోడ దూకే వచ్చాను. ఆరో తరగతి సగంలో, లెక్కల పరీక్షనాడు ఆఖరిసారి దూకినప్పుడు గోడమీది గాజుపెంకు నా నిక్కరు వెనకభాగాన్ని బడికే ఉంచేసుకుంది. అమ్మకు తెలిస్తే వీపు కూడా చిరుగుతుందని, పక్కింటి అవ్వనడిగి సూదీ దారం తెచ్చుకుని, పాక వెనక కూర్చుని అతుకు వేసుకున్నాను. నా జీవితంలో అదే మొదటి కుట్టు. అంటే నా చదువు ఎక్కడ చిరిగిందో నా వృత్తి సరిగ్గా అక్కడే మొదలయింది. ముప్పయ్యేళ్ళుగా కొత్తవలసలో దర్జీని.

అలాంటి నన్ను పార్లమెంటుకు రమ్మని ఫోనొచ్చింది.

చేసింది మా అప్ప మొగుడు, మా బావ సన్యాసిరావు. వాళ్ళ నాన్న కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేసి జగదల్‌పూర్‌లోనే స్థిరపడ్డాడు. బావ అక్కడే హిందీలో చదివి, దోర్నపాల్‌లో సోషల్ మేష్టారయ్యాడు. వారమంతా దోర్నపాల్‌లో గది, శనివారం ఒంటిపూట బడి కాగానే పన్నెండింటి బస్సెక్కి జగదల్‌పూర్‌లో మా అప్ప దగ్గరికి. ఆయన బడిలో పిల్లలచేత ఉత్తుత్తి పార్లమెంటు పెట్టిస్తున్నారట. స్పీకరుకు నల్లగౌను, మంత్రులకు తెల్ల జాకెట్లు నాలుగు కావాలట.

"మీ దగ్గర దర్జీలు లేరా బావా?"

"ఉన్నారు. డబ్బులడుగుతున్నారు."

ఆ విధంగా నేను ప్రజాస్వామ్య సేవకు బయల్దేరాను.

కొండలెక్కే రైల్లో

కిరండూల్ పాసింజరు కొత్తవలస దాటాక కొండల్లో దూరుతూ, సొరంగాల్లో మునుగుతూ, తేలుతూ పోతుంది. మనుషులున్న బండి గనక దానికి తొందర లేదు. ఎదురుగా ఇనుపరాయి మోసే గూడ్సు వస్తుందంటే పక్కన నిలబడి దారిస్తుంది. ఈ లైన్లో పెద్దమనిషి రాయి. అది విశాఖపట్నం చేరి, ఓడెక్కి, పరాయి దేశం వెళ్ళాలి. మనం మహా అయితే అత్తవారింటికి వెళ్తాం.

జాకెట్లు నలగకూడదని సంచిలోంచి తీసి కిటికీ పక్క కొక్కేలకు తగిలించాను. నిజం చెప్పాలంటే నలుగురూ చూడాలని కూడా. నా ఎదురుగా మరియమ్మగారని, బొబ్బిలి వైపు ఆవిడ, కిరండూల్‌లో మొగుడు పట్టాల పని చేస్తాడట, జాకెట్లను తేరిపార చూసింది.

"పెళ్ళోరా బాబూ?"

"కాదండీ, పార్లమెంటు వాళ్ళం."

"ఓహో" అంది. పెళ్ళివారమైతే ఇంకొంచెం గౌరవం దక్కేదనిపించింది.

"ఆటిని లోపలెట్టుకో బాబూ. ఈ లైన్లో తెల్లబట్టంటే పెళ్ళికొడుక్కే. అదీ తాళి కట్టేదాకానే" అని హెచ్చరించింది కూడా. నేను నవ్వేశాను. ముప్పయ్యేళ్ళ దర్జీకి బట్టల సంగతి ఒకరు చెప్పాలా?

కోరాపుట్ దాటాక మళ్ళీ ఆగాం. ఇనుపరాయి బండి ఒకటి మా కిటికీల్ని ఒరుసుకుంటూ చాలాసేపు వెళ్ళింది. దాని వెనకే గాలి, గాలి వెనకే ధూళి. అది వెళ్ళాక చూస్తే నా మంత్రివర్గమంతా తాంబూలం ఉమ్మినట్టు ఎర్రబడి ఉంది. దులపబోయాను. దులిపేకొద్దీ రంగు బట్టలోకి దిగింది. మరియమ్మగారు డబ్బా మూత తీసింది. చద్దన్నంలో కలుపుకున్న నెత్తళ్ళ పులుసు ఒక ముద్ద నా చేతిలో పెట్టి, "తిను బాబూ, బాధలో ఆకలేస్తది" అంది. ఆ ముద్ద కోసం ఇంకో నాలుగు జాకెట్లు పాడయినా పర్వాలేదనిపించింది.

జగదల్‌పూర్‌లో చీమలు

మా అప్ప గౌరి జాకెట్లను రాత్రంతా నానబెట్టి, తెల్లారి బండకేసి బాదింది. ఎరుపు పోయింది, తెలుపు రాలేదు. లేత ఇటుకరంగు దగ్గర రాజీపడ్డాయి.

"నలుగురికీ ఒకే రంగుంది కదరా. అదే యూనిఫారం అనుకుంటారు" అని తేల్చేసింది.

బస్సుకు వెళ్ళేదారిలో బజార్లో ఎర్రచీమల చట్నీ కొన్నాను. ఆకుదొన్నె ఇరవై రూపాయలు. అమ్మే ముసలామె రోట్లో నూరుతూ, నేను తెలుగువాణ్ణని చూడగానే పట్టేసి, హల్బీలో ఏదో అంది. పక్కవాడు దాన్ని హిందీలోకి మార్చాడు: "గోంగూర తినేవాడివి కదా, దీనికేం భయం అంటోంది." నాలిక మీద పెట్టాను. ముందు పులుపు, తరవాత కారం. నూరకుండా తప్పించుకున్న చీమ ఒకటి మిగతావాళ్ళందరి తరఫునా నా పెదవిని పట్టుకుంది. దోర్నపాల్ చేరేదాకా నా పై పెదవి కింది పెదవికంటే అరగంట ముందు నడిచింది.

బస్సెక్కించేటప్పుడు అప్ప గట్టిగా చెప్పింది: "శనివారం బావా నువ్వూ కలిసి వచ్చెయ్యాలి. చేపలు తెప్పిస్తాను." చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఇంకేదో మాట కూడా ఉన్నట్టుంది. బయటికి రాలేదు. నేను చేపల దగ్గరే ఆగిపోయాను.

దోర్నపాల్: ఒక మాట జారింది

రోడ్డుకు రెండువైపులా కొట్లు, మధ్యలో లారీలు, లారీల మధ్య మేకలు. అదీ దోర్నపాల్. టీ కొట్టువాడు నాతో తెలుగులో, లారీ డ్రైవరుతో హిందీలో, పాలుపోసే ఆమెతో దోర్లీలో మాట్లాడుతూ ఒక్క గ్లాసు కూడా తారుమారు చెయ్యలేదు. మా ఊళ్ళో ఒక్క భాషే ఉంది, అయినా రోజుకు నాలుగు తగువులు.

శుక్రవారం మధ్యాహ్నం రిహార్సల్. బావ ఒక జాకెట్టు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. తరవాత "ఎర్రమట్టి మంత్రివర్గం" అని తనే నవ్వేశాడు. గౌను సంగతి ఇంకా ఘోరం. స్పీకరంటే పెద్దమనిషని ఊహించుకుని కుట్టాను. వచ్చింది పదో తరగతి చదివే పిల్ల, కుంజం లచ్చి. గౌను తొడిగితే పిల్ల కనబడలేదు. లోపల్నించి గొంతు వినబడింది: "నేను ఈడనే ఉన్న."

పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు పిల్లలు తామే ఎంచుకున్నది: ఒంటిపూట బడి శనివారం తీసేసి, సంతరోజు పెట్టాలని. బావ రాసిన కాగితం ప్రకారం ప్రభుత్వం బిల్లు పెడుతుంది, ప్రతిపక్షం కేకలేసి వాకౌట్ చేస్తుంది, స్పీకరు చేతులెత్తమంటుంది, బిల్లు నెగ్గుతుంది, అందరూ లడ్డూలు తింటారు. రాయపూర్ వైపునుంచి వచ్చిన ప్రిన్సిపాల్ సారు చూసి ముచ్చటపడ్డాడు.

లచ్చి లేచి ఆయన్ను హిందీలో అడిగింది: "సార్, రేపు బిల్లు అయితే నిజంగనే సెలవు మారుస్తరా?"

"ఎందుకు మార్చను?" అన్నాడాయన టీ ఊదుకుంటూ. "అందరూ ఒప్పుకుంటే వచ్చే సంతనుంచే."

"అందరంటే, హాల్లో కూసున్నోళ్ళందరా?"

"హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ" అని ఆయన హాయిగా నవ్వాడు. ఆఫీసులు తిరిగినవాళ్ళకు తెలుసు, 'అందరూ ఒప్పుకుంటే' అనేది కాదనే మాటకు తొడిగిన ఇస్త్రీ చొక్కా. అందరూ ఎప్పుడొప్పుకున్నారు గనక?

సాయంత్రం లచ్చిని బల్లమీద నిలబెట్టి గౌను అంచు పైకి మడుస్తూ అడిగాను: "సెలవు మీద నీకెందుకమ్మా అంత పట్టు?"

వాళ్ళమ్మ చింతపండు, ఇప్పపువ్వు సంతకు తెస్తుందట. కాటా చదవడానికి, కొనేవాళ్ళతో హిందీలో బేరమాడడానికి లచ్చి ఉండాలి. అందుకని ప్రతి సంతరోజూ బడి పోతుంది. హాజరు తక్కువైపోయింది.

"ఇంక మూడు సంతలు పోతే పరీక్షకు కూసోనియ్యరంట. పొద్దటిపూట బడికొచ్చి, మధ్యాన్నం సంతకు పోతే హాజరుంటది, అమ్మకు నేనుంట. పోయినేడు మా ఊరోళ్ళు ఇద్దరు ఇట్లనే బడి మానేసిన్రు."

"భయపడకు. చేతులు లెక్కపెడితే నీవైపే ఎక్కువుంటాయి."

"చేతులెందుకు?" అంది నిజంగానే అర్థంకాక. "మా ఊర్లె చేతులెత్తరు. ఒక్కడు కాదన్నా ఆడు ఒప్పుకునేదాంక కూసుంటరు."

"ఒప్పుకోకపోతే?"

"అన్నం తినొచ్చి మల్ల కూసుంటరు."

మా ఊళ్ళో మీటింగు గట్టిగా అరిచేవాడికి గొంతు పోయినప్పుడు ముగుస్తుంది, మర్నాడు నా దగ్గరికి చిరిగిన చొక్కాలొస్తాయి. లచ్చివాళ్ళ ఊళ్ళో దర్జీ బతకడు అనుకున్నాను.

శనివారం: సభ వరండాలోకి

తొమ్మిదింటికి సభ మొదలైంది. సభా కార్యదర్శిగా మా బావ స్పీకరు పక్కన బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్లకింద ఆయన బస్సు సంచి. నేను సందర్శకుల బెంచీ మీద. పదిన్నరకల్లా ప్రశ్నలు, కేకలు, బల్లలు చరచడం అన్నీ కాగితంలో ఉన్నట్టే అయ్యాయి. ప్రతిపక్ష నాయకుడు రమేశ్, కిరాణా కొట్టాయన కొడుకు, వాళ్ళ తాతలు భద్రాచలం వైపునుంచి వచ్చారట, వారం రోజులు సాధన చేసిన వాకౌట్‌ని అద్భుతంగా చేశాడు. కాగితాలు గాల్లోకి విసిరి, తనవాళ్ళను వెంటేసుకుని గుమ్మం దాటాడు. మేం చప్పట్లు కొట్టాం. బావ గడియారం చూసుకున్నాడు. అంతా సరిగ్గా నడుస్తోంది.

లచ్చి కాగితం చూడలేదు. మడిచి గౌనులో పెట్టుకుని లేచింది.

"పాండ్రి" అంది.

"ఎక్కడికి?" అన్నాడు ప్రధానమంత్రి.

"రమేశ్ కాడికి. కోపమొచ్చింది ఆనికి గద. ఈడ కూసుంటే ఎవరితోని మాట్లాడుతం?"

ఉన్నట్టుండి వీళ్ళకు ఏమయిందని అడక్కండి, నాకూ తెలీదు. ఇటుకరంగు మంత్రివర్గం లేచింది. మార్షల్స్ ఇద్దరు స్పీకరు కుర్చీని ఎత్తారు. వెనక సభ్యులు, వాళ్ళవెనక ప్రిన్సిపాల్ సారు, ఆయన వెనక సంచితో మా బావ, బావ వెనక నేను. పార్లమెంటు మొత్తం వెళ్ళి వరండాలో రమేశ్ చుట్టూ కూర్చుంది. అప్పటికి వాడు వాకౌట్ అయిపోయిందనుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"కాగితంలో ఇది లేదు" అన్నాడు రమేశ్, నోట్లో పప్పుతో.

"కాగితం పక్కన పెట్టు. నీకు నిజంగ ఇష్టం లేదా?"

వాడు మా బావ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు. తరవాత వేరుశెనక్కాయల వైపు చూస్తూ చెప్పాడు: "నిజంగనే ఇష్టం లేదు. సంతరోజు సెలవిస్తే మా నాయన నన్ను మధ్యాన్నం నుంచి కొట్లో కట్టేస్తడు. ఇప్పుడైతే బడుందని తప్పించుకుంటున్న."

పిల్లలు ఘొల్లుమన్నారు. లచ్చి నవ్వలేదు. అది నిజంగా ఆలోచించాల్సిన సంగతేనని కనుబొమలు ముడేసింది. అరగంట పట్టింది. చివరకు, సంతరోజు మధ్యాహ్నం కూడా బడి గేటు తీసే ఉంచాలని, ఉండదలచుకున్నవాడు బంతాట ఆడుకుంటూ ఉండొచ్చని సవరణ పెట్టారు. "బడి తెరిచుందని చెప్త మా నాయనకు. అబద్ధం కాదు గద" అని రమేశ్ ఒప్పుకున్నాడు. ఒకడు గేటులోపలే ఉండడానికి ఇంత తాపత్రయపడడం నా కళ్ళతో నేను చూడడం అదే మొదలు.

పదకొండుంబావు. సంచి పట్టీ పట్టుకుని బావ లేవబోయాడు.

"సార్, మీరు చెప్పలే."

"నేను కార్యదర్శిని. నాకు ఓటు లేదు."

"ఓటు కాదు సార్. ఈడ కూసున్నరు గద. మీకు ఇష్టమేనా?"

"ఇష్టమేనమ్మా, ఇష్టమే."

లచ్చి ఆ సంచి వైపే చూస్తూ కూర్చుంది. సభంతా సంచిని చూసింది. అంతమంది చూస్తే సంచికైనా సిగ్గేస్తుంది. బావ మళ్ళీ కూలబడి, ఉన్నమాట చెప్పాడు. శనివారం ఒంటిపూట పోతే పన్నెండింటి బస్సు పోతుంది. సాయంత్రం బస్సుకు వెళ్తే బాగా పొద్దుపోయాక చేరతాడు. వారానికొకసారి ఇంటికెళ్ళే మనిషి.

పిల్లలు మళ్ళీ సంచి వైపు చూశారు. ఇక్కడే నేను నా పాడు నోరు తెరిచాను. వాతావరణం తేలికపరుద్దామని, "నేను కూడా ఒప్పుకోను. మా అప్ప తరఫున" అన్నాను నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

"అయితే ఆమెను అడగాలె" అంది లచ్చి. "ఆమెది ఆమె చెప్పాలె గద."

పిల్లలు బావ ఫోన్ని లచ్చి కుర్చీ చేతి మీద పెట్టి, అందరికీ వినబడేలా గొంతు పెద్దది చేశారు.

"అప్పా, నేను చిన్నారావుని. పార్లమెంటులోంచి మాట్లాడుతున్నాను."

"ఏటి, పొద్దున్నే తాగినావా?"

ప్రిన్సిపాల్ సారుకు తెలుగు రాదు, అయినా నవ్వాడు. లచ్చి ఫోను ముందు వంగి సంగతంతా వివరంగా చెప్పింది, వాళ్ళమ్మ, కాటా, హాజరు అన్నీ. చెప్పి, "మీకు ఇష్టం లేకుంటే లేదని చెప్పుండ్రి అమ్మా. మేం కూసుంటం" అంది.

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఆయన అక్కడే ఉన్నారా?"

"ఉన్నరు."

"వింటన్నారా?"

"అందరూ వింటున్నం."

"పోనీ, విననీ. మూడేళ్ళనించి సెప్పలేక సస్తన్నాను. శనివారం సాయంత్రం మా లైన్లో ఆడోళ్ళమందరం మా వరండాలో కూకుని అప్పడాలొత్తుకుంటాం. కష్టం సుఖం సెప్పుకునేది అప్పుడే. నాలుగింటికి ఈ మేష్టారు దిగి, కుర్చీ ఏసుకుని మా మజ్జిలో కూకుని, అప్పడం గుండ్రంగా లేదంటారు. అందరూ లేసి ఎల్లిపోతన్నారు. సాయంత్రం బస్సుకే రమ్మనమ్మా. సల్లగా అన్నమెట్టి పడుకోబెడతాను."

వరండా కప్పు ఎగిరిపోయిందేమో అన్నంతగా నవ్వారు పిల్లలు. బావ మొహం నా జాకెట్ల అసలు రంగుకు, అంటే రైలు తరవాతి రంగుకు, వచ్చింది. రోడ్డుమీద పన్నెండింటి బస్సు హారను కొట్టి, రెండుసార్లు కొట్టి, వెళ్ళిపోయింది.

"ఒప్పుకున్న" అన్నాడు బావ, దోర్నపాల్ యాసలో. నేను కూడా చెయ్యెత్తబోయి, ఇక్కడ చేతులెత్తడం లేదని గుర్తొచ్చి దించేశాను.

ఇక మిగిలింది ప్రిన్సిపాల్ సారు. లచ్చి కుర్చీ ఆయనవైపు తిప్పింది. ఆయన పై ఆఫీసన్నాడు, కాగితమన్నాడు, చూద్దామన్నాడు. ఎవరూ ఎదురుచెప్పలేదు. ఊరికే కూర్చున్నారు. హాస్టల్లో అన్నం గంట కొట్టారు. ఒక్కరు లేవలేదు. పప్పు వాసన వరండాదాకా వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి పోయింది. రమేశ్ వేరుశెనక్కాయలు అందరికీ తలా రెండు పంచాడు. ప్రిన్సిపాల్ సారు తన వాటా రెండూ చాలాసేపు చేతిలో తిప్పి, "హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ అన్నాను, వరండాలో అనలేదు" అని గొణిగాడు.

"పోదాం సార్ హాల్లోకి" అని మార్షల్స్ మళ్ళీ కుర్చీ ఎత్తారు.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "వద్దు, కుర్చీ దించండి. సెలవు మార్చడం నా చేతిలో పనే. వచ్చే సంతనుంచి. ఇక అన్నానికి లేవండి."

లచ్చి గౌను కుచ్చెళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, ముందు వంటామె దగ్గరికి పరుగెత్తింది, అన్నం ఇంకా ఉందా అని.

బస్సు కోసం

సాయంత్రం బస్సు కోసం రోడ్డుపక్క నిలబడ్డాం. పిల్లలు కొందరు సాగనంపడానికి వచ్చారు. మా బావ అప్పడాల గురించి ఆలోచిస్తున్నాడు. లచ్చి, మోదుగాకులో కట్టిన చింతపండు ముద్ద నా చేతిలో పెట్టింది, మా అప్పకిమ్మని.

పిల్లల్ని నవ్వించడానికి నా దగ్గర ఎప్పుడూ తప్పని సరుకొకటుంది. ఆ గోడ కథ చెప్పాను. లెక్కల పరీక్ష, గాజుపెంకు, నిక్కరు, పాక వెనక కుట్టు, అన్నీ అభినయంతో సహా. "ఆరో తరగతిలోనే వాకౌట్ చేసినవాణ్ణి, రమేశ్ నా ముందు ఎంత" అన్నాను. రమేశ్ కడుపు పట్టుకుని నవ్వాడు. మార్షల్స్ ఒకరిమీద ఒకరు పడ్డారు.

లచ్చి మాత్రం కథ ఇంకా అవలేదన్నట్టు చూస్తోంది. బస్సు వచ్చి ఆగింది. నేను మెట్టెక్కాక అడిగింది:

"మీరట్ల గోడ దూకి పోతే, మీ బడోళ్ళు ఒక్కరు గూడ లేసి మీ ఎంబడి రాలేదా?"